కూలర్‌ది కాదు, మూసిన కిటికీది తప్పు

కూలర్ పెట్టినా ఉక్కపోత తగ్గడం లేదని ఒక వ్యాసంలో చదివాను. నల్లగొండ, మిర్యాలగూడ మే ఎండలు పొడి ఎండలు, కూలర్‌కు బాగా అనువైనవి. కాకపోతే లోపలికొచ్చిన తడిగాలి బయటికి పోవాలి. కూలర్‌ను కిటికీ బయట బిగించి, ఎదుటి కిటికీ ఒక రెక్క తెరిచి ఉంచండి.

ఇంకో గొడవ బోరు నీళ్లతో. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. ఖాళీ చేయకుండా బిందెలకు బిందెలు పోస్తూ పోతే అది చిక్కబడి గడ్డి మీద తెల్లగా పేరుకుంటుంది, పైన నీళ్లు పంచే పైపు రంధ్రాలు పూడిపోతాయి. గడ్డి ఒక పక్కనే ఎండిపోయి కనిపిస్తే కారణం అదే. కరెంటు తీసేసి రంధ్రాలను పిన్నీసుతో పొడవండి. మూడు నాలుగు రోజులకోసారి తొట్టి మొత్తం వంపేయండి, దోమలు కూడా పెరగవు. పంపు తిరగకపోతే వెంటనే కొత్తది కొనకండి. అడుగు మూత ఊడదీసి, లోపలి రెక్కల చక్రాన్ని నిమ్మరసం కలిపిన నీళ్లలో గంటసేపు నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దండి. నీచు వాసన వస్తుంటే, ఆపే ముందు పంపు బందు చేసి ఫ్యాన్ ఒక్కటే పావుగంట తిప్పండి, గడ్డి ఆరుతుంది.

రేకు కూలర్‌కు మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగు లేకపోతే మాత్రం దయచేసి వాడొద్దు. పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.