తెలిసినవాళ్ళున్నారులే అంటే సరిపోదు

మన గుంటూరు, బెజవాడల్లో ఏ కష్టమొచ్చినా ముందు అడిగేది ఒకటే, అక్కడ మనకి తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని. మిగతా వాటికి అది పనిచేస్తుందేమో గానీ మన పేరు మీద ఎవడో లోన్ తీసేసుకున్నప్పుడు మాత్రం టైమ్ తినెయ్యడం తప్ప దానివల్ల ఒరిగేదేం లేదు.

బ్రాడీపేటలో ఉండే మా బాబాయ్ సంగతే చూడండి, రిటైర్డ్ లెక్చరర్, అప్పంటేనే హడల్, అలాంటాయనకి రికవరీ వాళ్ళు ఫోన్ చేసి ఈఎమ్ఐ ఎప్పుడు కడతావ్ అని గద్దించారు. ఏదో యాప్‌లో ఈయన పాన్ పెట్టి లోన్ తీశారు, ఫోన్ నంబరూ సెల్ఫీ మాత్రం ఇంకెవడివో. పాపం ఆయన ముందు ఒక లీడర్ గారి తమ్ముడి దగ్గరికి, తర్వాత పోలీస్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్న పాత స్టూడెంట్ దగ్గరికి తిరిగారు. అందరూ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి "మేం చూసుకుంటాం మాస్టారూ" అన్నారు, చేతికి కాగితం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. లోన్ ఇచ్చినవాడు అడిగేదేమో ఆ కాగితమే.

డబ్బే పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టాలి, అది ఇంకో నాలుగు అకౌంట్లు దాటకముందే ఆపితేనే ఏమైనా దక్కేది. డబ్బు పోకుండా పేరు మాత్రమే వాడేసుకుంటే సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో కంప్లైంట్ పెట్టి ఆ నంబర్ దాచుకోండి, స్టేషన్‌లో చిన్న విషయంలే అని పంపించెయ్యబోతే ఇంకొకళ్ళ గుర్తింపు దొంగిలించి వాడుకోవడం ఐటీ చట్టం 66సి సెక్షన్ అనండి, 3 ఏళ్ళ దాకా జైలు, లక్ష దాకా ఫైన్ ఉన్న నేరం అది. తర్వాత లోన్ ఇచ్చిన కంపెనీకి రాతపూర్వకంగా కంప్లైంట్, 30 రోజుల్లో తేల్చకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి, ఫీజేం ఉండదు.

మన అప్పుల రికార్డు ఉంచే క్రెడిట్ బ్యూరోల్లో అందరూ సిబిల్ ఒక్కటే చూస్తారు, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి, నాలుగూ ఏడాదికోసారి ఫుల్ రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాలి. తప్పుడు ఎంట్రీ మీద కంప్లైంట్ పెడితే 30 రోజుల్లో తేల్చాలి, లేటైతే రోజుకి 100 రూపాయలు వాళ్ళే మనకి ఎదురివ్వాలని 2024 నుంచి రూల్ ఉంది. ఈ రూల్ తెలిసి అడిగేవాళ్ళు ఎంతమందంటారు?

అమెరికాలో ఉన్న మనకి ఐడెంటిటీథెఫ్ట్.గవ్‌లో రిపోర్ట్ ఇస్తే ఎవరికి ఏ లెటర్ రాయాలో కూడా వాళ్ళే ఇస్తారు, ఇక్కడి మూడు బ్యూరోల్లో క్రెడిట్ ఫ్రీజ్, అంటే మన పేరు మీద కొత్త అప్పు పుట్టకుండా ఆపడం, 2018 నుంచి ఫ్రీ. ఊళ్ళో అమ్మానాన్నలకి అలా కాదు, పోలీసులొక చోట, బ్యూరోలొక చోట, లోన్ ఇచ్చినవాడు ఇంకెక్కడో, డెబ్బై ఏళ్ళాయన ఎన్ని చోట్ల తిరుగుతాడు? అందుకే నేననేది, ఇక్కడి మన తెలుగు అసోసియేషన్ వాళ్ళు సంక్రాంతి ముగ్గుల పోటీకి పెట్టే ఖర్చులో కొంత తీసి గుంటూరులో ఒకరు, విజయవాడలో ఒకరు, ఈ కంప్లైంట్లు దగ్గరుండి పెట్టించే కుర్రాళ్ళని పెట్టాలి. సిఫార్సు చేసేవాళ్ళు మనకి బోలెడుమంది ఉన్నారు, పక్కన కూర్చుని ఫారం నింపేవాడే దొరకట్లేదు.

ఈలోగా డిసెంబర్లో ఊరెళ్ళేవాళ్ళు అమ్మానాన్నల ఆధార్‌లో బయోమెట్రిక్ (వేలిముద్రలు అవీ) లాక్ చెయ్యండి, సంచార్ సాథీ అనే గవర్నమెంట్ సైట్‌లో వాళ్ళ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూడండి. అన్నిటికంటే ముందు ఆధార్‌కి ఏ నంబర్ లింకై ఉందో చూడండి, చాలా ఇళ్ళల్లో అది అబ్బాయి అమెరికా వచ్చాక రీచార్జ్ మానేసిన పాత నంబరే, ఈపాటికి కంపెనీ దాన్ని ఇంకెవరికో ఇచ్చేసుంటే ఓటీపీలన్నీ వాళ్ళకే పోతాయి.