నుదుటి మీద ‘ఎమ్’ ఉన్నంత మాత్రాన మెయిన్ కూన్ అయిపోదు

దిక్కులేని జంతువులను సాకే షెల్టర్ నుంచి పిల్లి కూనను తెచ్చుకున్నవాళ్ల కోసమని ఒక పోస్టు చాలాకాలంగా ఫోన్ల మధ్య తిరుగుతోంది. అందులో చెప్పేది ఇదీ: మీ కూన ఏ బ్రీడో తెలియడానికి కాగితాలు అక్కర్లేదు, ఒంటి మీద గుర్తులు చాలు. నుదుటి మీద ఇంగ్లిష్ ‘ఎమ్’ ఆకారం ఉంటే మెయిన్ కూన్ అనే పెద్ద ఒళ్లు బ్రీడ్. నీలికళ్లు, నల్లమూతి అయితే సయామీస్. బొచ్చు పొడుగైతే పర్షియన్. బూడిదరంగైతే రష్యన్ బ్లూ, నిగనిగలాడే నలుపైతే బాంబే. పంజాలు పెద్దవైతే పెద్ద జాతి, అరుపులు ఎక్కువైతే సయామీస్ రక్తం. ఇంకా అనుమానం ఉంటే ఫోటో తీసి యాప్‌లో పెట్టండి. బ్రీడ్ తెలిస్తే ఏ రోగాలు వస్తాయో ముందే తెలుస్తుంది.

పంచుకునేవాళ్ల ఉద్దేశం మంచిదే. మాటలు మాత్రం ఒక్కటీ సరిగా నిలబడవు.

మొదటి తప్పు ఈ గుర్తుల్లో లేదు, వాటికి ముందే ఉంది. బ్రీడ్ అంటే రూపం అనుకున్నారు. పిల్లుల విషయంలో బ్రీడ్ అంటే ప్రధానంగా వంశావళి: తల్లి ఎవరు, తండ్రి ఎవరు, వాళ్లను కన్నవి ఏవి అని తరాల తరబడి రాసిపెట్టిన రికార్డు. కుక్కల్లో వేటకొకటి, కాపలాకొకటి, మందను తోలడానికొకటి అని మనుషులు ఎంచి ఎంచి పెంచారు. పిల్లికి ఎలుకను పట్టడం ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది, కాబట్టి ఎంచి పెంచాల్సిన అవసరమూ రాలేదు. వేల ఏళ్లు అది మనిషి పక్కనే ఉంటూ తనకు నచ్చినదానితో జతకట్టింది. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వీర్ అనే చిత్రకారుడు పెద్ద ఎత్తున పిల్లుల ప్రదర్శన పెట్టాడు. ఆ తర్వాతే ఈ బ్రీడుల పిచ్చి ఊపందుకుంది. ఇప్పుడున్న బ్రీడుల్లో చాలావాటి వయసు నూట యాభై ఏళ్లు కూడా ఉండదు.

అందుకే షెల్టర్‌కి వచ్చే పిల్లుల్లో అత్యధికం ఏ బ్రీడుకూ చెందవు. ‘మిక్స్’ కూడా కావు. మిక్స్ కావాలంటే వెనకెక్కడో ఒక అసలు బ్రీడ్ పిల్లి ఉండాలి కదా? వీటి వంశంలో ఎప్పుడూ అలాంటిది లేకపోవచ్చు. నిజానికి ప్రయాణం జరిగింది ఎదురు దిక్కున. స్కాటిష్ ఫోల్డ్ బ్రీడంతా 1961లో స్కాట్లాండ్‌లోని ఒక పొలం దగ్గర కనిపించిన సూజీ అనే మామూలు తెల్లపిల్లి నుంచి మొదలైంది. అమెరికన్ కర్ల్ 1981లో కాలిఫోర్నియాలో ఒక ఇంటి గుమ్మం ముందుకొచ్చిన దిక్కులేని పిల్లితో మొదలైంది. బ్రీడులే వీధి పిల్లుల దగ్గర రూపం అరువు తెచ్చుకున్నాయి. ఆ రూపం మీ కూనలో కనిపిస్తే, అది బ్రీడ్ నుంచే వచ్చిందని ఎలా అంటాం?

ఇక ‘ఎమ్’ సంగతి. ఈ పోస్టులో ఎక్కువమంది నమ్మేది దీన్నే. చారల పిల్లి ఒంటి నుంచి రాలిన వెంట్రుక ఒకటి తీసుకుని కిటికీ వెలుతురులో పట్టుకుని చూడండి. వెంట్రుక మొత్తం ఒకే రంగు ఉండదు. నలుపు, లేత పసుపు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. అగౌటి అనే జన్యువు చేసే పని అది. అలాంటి వెంట్రుకలున్నచోట లేతగా, పట్టీలు లేనిచోట ముదురుగా కనిపించి చారలు ఏర్పడతాయి. చారలున్న పిల్లి నుదుటి మీద చారలు కలిసే తీరే ఆ ‘ఎమ్’. అంటే టాబీ పిల్లి, అదే చారల పిల్లి అన్నదానికల్లా అది ఉంటుంది. ఇంటి పిల్లులన్నిటికీ మూలమైన అడవి పిల్లి కూడా చారల పిల్లే. తేనెరంగు పిల్లుల సంగతి ఇంకా తమాషా: చారల్ని దాచే జన్యువు ఆ రంగు మీద పనిచేయదు, అందుకని తేనెరంగు పిల్లులన్నీ ఎంతో కొంత చారలతోనే ఉంటాయి. నల్ల కూనను ఎండలో నిలబెట్టి చూసినా లీలగా చారలు కనిపించవచ్చు. మరోపక్క ఒళ్లంతా తెలుపో నలుపో అయిన మెయిన్ కూన్లు బోలెడున్నాయి, వాటికి ‘ఎమ్’ కనిపించదు. లోకంలోని చారల పిల్లులన్నిటికీ ఉండి, ఆ బ్రీడులో కొన్నిటికి లేని గుర్తు ఆ బ్రీడుకు ఆధారం ఎలా అవుతుందో పోస్టు రాసినవాళ్లే చెప్పాలి. చెవి కొసల మీద కుచ్చులదీ ఇదే కథ. మామూలు పిల్లులకూ వస్తాయి.

నీలికళ్లు. కూనలన్నీ నీలికళ్లతోనే పుడతాయి. ఆరేడు వారాలకు రంగు మారడం మొదలై, నెలల మీద పచ్చగానో పసుపుగానో స్థిరపడుతుంది. నెలరోజుల కూన కళ్లు చూసి సయామీస్ అని తేల్చడం తొందరపాటు.

నల్లమూతి, నల్లచెవులు, నల్లతోక, లేత ఒళ్లు, పెద్దయ్యాకా నీలికళ్లు, ఇవన్నీ కలిసి ఉంటే? అప్పుడు కాస్త ఆగి ఆలోచించాల్సిందే, ఎందుకంటే వెనకున్న జన్యుమార్పు సయామీస్ పిల్లుల్లోదే. రంగు తయారుచేసే ఎంజైము దానివల్ల వేడికి తట్టుకోలేనిదవుతుంది. ఒంటి మధ్యభాగం వెచ్చగా ఉంటుంది కనుక అక్కడ రంగు పట్టదు. చల్లగా ఉండే చెవులు, మూతి, పాదాలు, తోక నల్లబడతాయి. తల్లి కడుపులో అంతా వెచ్చనే కాబట్టి ఈ కూనలు పుట్టినప్పుడు తెల్లగా ఉంటాయి. ఆపరేషన్ కోసం ఇలాంటి పిల్లి పొట్ట మీదో పక్కన్నో బొచ్చు గొరిగితే, ఆ చోట చర్మం చల్లబడి కొత్త బొచ్చు ముదురు రంగులో మొలుస్తుంది. లేత ఒంటి మీద నలుచదరపు నల్లమచ్చ చూసి యజమానులు హడలిపోతారు. తర్వాతి బొచ్చు మళ్లీ లేతగా వస్తుంది.

అయితే ఈ జన్యువు అణిగి ఉండే రకం. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెరొకటి వస్తేనే బయటపడుతుంది. ఒక్కటే ఉన్న పిల్లి మామూలు రంగులో కనిపిస్తూ దాన్ని పిల్లలకు అందిస్తూ పోతుంది. ఎన్ని తరాల తర్వాతో అలాంటివి రెండు జతకడితే, రెండు చారల పిల్లులకు సయామీస్‌లా కనిపించే కూన పుడుతుంది. ఎప్పుడో ఒక పూర్వీకుడిది ఆ ఒక్క జన్యువు చేరిందంటే నమ్మొచ్చు. ఆ ఒక్కదానికి కూనంతా సయామీస్ అనడం మాత్రం తాతముత్తాతల ముక్కు వచ్చిందని ఆస్తిలో వాటా అడగడం లాంటిది. పైగా ఇదే రంగు బర్మన్లో, రాగ్‌డాల్లో, హిమాలయన్లో కూడా ఉంది. వాటిలో ఏదని చెబుతారు?

పొడుగు బొచ్చుదీ ఇదే లెక్క. అదీ అణిగి ఉండే జన్యువే, పొట్టి బొచ్చు తల్లిదండ్రులకు పొడుగు బొచ్చు కూన పుట్టడం మామూలు. పర్షియన్‌ని పర్షియన్ చేసేది బొచ్చు కాదు, పుర్రె ఆకారం: చదునైన ముఖం, లోపలికి నొక్కినట్టున్న ముక్కు. బూడిదరంగు అంటే నలుపును పలచన చేసే జన్యువు రెండు పక్కల నుంచీ రావడం, అంతే. రష్యన్ బ్లూ, షార్ట్రూ, కోరాట్ అనే బ్రీడులన్నిటిదీ, బ్రిటిష్ షార్ట్‌హెయిర్లలో చాలావాటిదీ అదే రంగు. బాంబే అయితే 1950లలో అమెరికాలోని కెంటకీలో బర్మీస్ పిల్లుల్నీ నల్ల అమెరికన్ షార్ట్‌హెయిర్లనీ కలిపి కావాలని తయారుచేసిన బ్రీడ్. నల్లపిల్లులు అంతకు వందల ఏళ్ల ముందు నుంచీ ఉన్నాయి.

పంజాలు పెద్దవైతే పెద్ద జాతి అన్నది కుక్కపిల్లల గురించి వినే మాట, దాన్ని ఎత్తుకొచ్చి పిల్లికి తగిలించారు. అరుపులంటారా, ఆకలేసినా, ఒంటరిగా అనిపించినా, మనిషి పలికితే మళ్లీ అరవడం అలవాటైనా ఏ పిల్లయినా అరుస్తుంది. ఒకే కాన్పులో ఒకటి వసపిట్ట, ఇంకొకటి మూగనోము పట్టినట్టు ఉండటం కూనల్ని సాకినవాళ్లందరికీ తెలుసు. అన్నట్టు ఒకే కాన్పు కూనలకు తండ్రులు వేరువేరు కావచ్చు. ‘దీని తోబుట్టువు అచ్చం ఆ బ్రీడులా ఉంది, కాబట్టి ఇదీ అదే’ అనే వాదనకు అక్కడితో సరి.

యాప్‌ల మీద కాస్త కోపంగానే రాస్తున్నాను, ఎందుకంటే అంకెలు చూపించి నమ్మిస్తాయి. ఫోటో చూసి బ్రీడ్ చెప్పే పరిశోధనల్లో బాగా వాడిన బొమ్మల సంపుటి ఒకటుంది, 2012 నాటి ఆక్స్‌ఫర్డ్ పెట్ డేటాసెట్. అందులో మొత్తం 37 రకాలు: కుక్కలవి 25, పిల్లులవి 12. ఆ పన్నెండింటిలో సయామీస్, పర్షియన్, మెయిన్ కూన్, బాంబే, రష్యన్ బ్లూ అన్నీ ఉన్నాయి. మామూలు పిల్లి అనే గడి లేదు. దాంతో మాత్రమే నేర్చుకున్న ప్రోగ్రాము మీ కూనను చూసి ‘ఇది ఏ బ్రీడూ కాదు’ అనలేదు; ఆ జవాబు దాని నోట్లోనే లేదు. ఉన్న పన్నెండులో దగ్గరగా అనిపించినదాన్ని పట్టుకుని పక్కన ఒక శాతం రాస్తుంది. మీ యాప్ దేనితో నేర్చుకుందో కనుక్కోండి. మామూలు పిల్లి అనే జవాబే అందులో లేకపోతే ఆ శాతానికి విలువ లేదు.

పోస్టులో చివరి మాట రోగాల గురించి. ఇది నవ్వి వదిలేయదగ్గది కాదు. పర్షియన్లలో మూత్రపిండాల్లో తిత్తులు వచ్చే జబ్బు, మెయిన్ కూన్లలో, రాగ్‌డాల్లలో గుండె కండరం మందమయ్యే జబ్బు నిజంగానే వంశంలో వస్తాయి. కానీ రోగాన్ని తెచ్చేది బ్రీడ్ పేరు కాదు, ఫలానా జన్యుమార్పు. తెలిసిన మార్పులకు నేరుగా డీఎన్ఏ పరీక్షలున్నాయి. బొచ్చు పొడుగని పర్షియన్ అనుకుని భయపడేకన్నా ఆ మార్పు ఉందో లేదో చూపించుకోవడం నయం. గుండెలో చప్పుడు తేడాగా ఉందని డాక్టరు అంటే చారల పిల్లికైనా ఎకో, అంటే గుండె స్కాన్, తీయించాల్సిందే, ఎందుకంటే ఆ గుండె జబ్బు మామూలు పిల్లుల్లోనూ ఉంది.

డీఎన్ఏతో బ్రీడే తేల్చేయొచ్చుగా అంటారు. పరీక్ష చెప్పేది మీ పిల్లి డీఎన్ఏ తమ దగ్గరున్న బ్రీడ్ నమూనాల్లో దేనికి ఎంత దగ్గరగా ఉందని. దగ్గరగా ఉండటం, దాన్నుంచి పుట్టడం ఒకటి కాదు. అవ్వో తాతో నిజంగా రిజిస్టరైన పిల్లి అయితే బయటపడవచ్చు. లేకపోతే ‘ఏ బ్రీడుకూ చెందదు’ అన్న ఫలితమే నిజాయితీ గల ఫలితం.

గుర్తులతో చెప్పగలిగినవి అసలు లేవని కాదు. చెవులు పుట్టిన మూడు నాలుగు వారాలకు ముందుకు మడతపడి అలాగే ఉంటే స్కాటిష్ ఫోల్డ్ వంశం అనుమానించాలి. అది తెలుసుకోవడం అవసరం కూడా, ఎందుకంటే చెవిని మడిచే ఆ మార్పే కీళ్లనూ ఎముకలనూ పాడుచేస్తుంది. నడకలో తేడా కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి. చదునైన ముఖం ఉంటే పర్షియన్ అనే ఊహకు కొంత బలం ఉంటుంది. అసలు బ్రీడ్ పిల్లులూ అప్పుడప్పుడూ షెల్టర్లకు చేరతాయి. కొన్నిటి వెంట మైక్రోచిప్పో (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) పాత యజమాని ఇచ్చిన కాగితాలో ఉంటాయి. వయసైతే బాగానే చెప్పొచ్చు: పాలపళ్లు మొత్తం 26 ఎనిమిది వారాలలోపు వస్తాయి, ఆరో నెల దాటేసరికి శాశ్వత దంతాలు 30 ఉంటాయి. మూడు రంగుల పిల్లి అయితే దాదాపు ఖాయంగా ఆడదే.

‘బ్రీడ్ పేరు రాసుకుంటే నష్టమేముంది, సరదాకేగా’ అనేవాళ్లకు ఒకటే మాట. డాక్టరు దగ్గర ఫారంలో డొమెస్టిక్ షార్ట్‌హెయిర్ (పొట్టి బొచ్చు మామూలు పిల్లి) అనో లాంగ్‌హెయిర్ (పొడుగు బొచ్చుది) అనో రాయించండి, పక్కన రంగు రాయించండి. రేపు పిల్లి తప్పిపోయి మీరు ‘మెయిన్ కూన్ మిక్స్ కనబడుట లేదు’ అని కాగితం అంటిస్తే, దాన్ని రోజూ గోడ మీద చూస్తున్న మనిషికి కూడా అది మీ పిల్లేనని తట్టదు. ‘గోధుమరంగు చారలు, పొడుగు బొచ్చు, ముందు పాదాలు రెండూ తెలుపు, ఎడమ చెవికి చిన్న గాటు’ అని రాస్తే ఫోన్ వస్తుంది.