పక్క డిగ్రీలవారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ మార్క్, ఆర్క్ మారినర్, రాయల్ ఆర్చ్, సీక్రెట్ మానిటర్ వగైరా డిగ్రీలవారికి, మూడు డిగ్రీలతో తృప్తిపడి ఉండవలసిన ఒక ఫ్రీమేసన్‌గారి భార్య నమస్కరించి చేసుకొను విన్నపము. ఈ ఉత్తరం పొరపాటున ఇంకెవరి చేతిలోనైనా పడితే వారికోసం ఒక్క మాట: ఫ్రీమేసన్లంటే రాతిమేస్త్రీల పేరు పెట్టుకొని, తలుపులు మూసుకొని తంతులు నడుపుకొనే ఒక సోదరసంఘంవారు, వారి మెట్లకు డిగ్రీలని, శాఖకు లాడ్జి అని పేరు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం నా అలవాటు. ఈ చెన్నపట్నంలోనే ముప్పయి రెండేళ్ళు తెలుగు పిల్లలకు లేఖారచన నేర్పినదాన్ని. కాని ఈసారి ఉభయుల్లో కుశలంగా ఉన్నది మీరొక్కరే గనుక ఆ మాట కొట్టివేస్తున్నాను.

గత శనివారం మధ్యాహ్నం రెండు గంటలు మొదలుకొని సాయంత్రం ఆరూ నలభై వరకు, నగరంలోని ఒక సభామందిరపు వరండాలో, వెంకటగిరి చీర కట్టుకొని, పక్కన ఒక సూట్‌కేసు, పులిహోర పెట్టిన స్టీలు క్యారియరు, మా చెల్లెలి మనవడి అన్నప్రాసనకు కొన్న వెండిగిన్నె పెట్టుకొని, చెక్కబల్ల మీద కూర్చున్న ఆడమనిషిని నేనే. "రెండు గంటల్లో అయిపోతుంది, అటునుంచి అటే సెంట్రల్‌కు పోయి రైలెక్కుదాం, నువ్వూ వచ్చెయ్యి" అని మావారు అన్నారు. నేను నమ్మాను. పెళ్ళయి ముప్పయి తొమ్మిదేళ్ళయిన తర్వాత కూడా నమ్మడం నా తప్పే గనుక దాన్ని మీ ఖాతాలో వేయను. మిగిలినదంతా మీ ఖాతాలోనిదే. నెల్లూరు రైలు వేళకే వెళ్ళిపోయింది. మర్నాడు చీకటితోనే మాధవరం వెళ్ళి బస్సెక్కి ఊరు చేరేసరికి పిల్లవాడు పరమాన్నం తిని నిద్రపోయాడు. వాడు పాకుతూ వెళ్ళి పుస్తకం ముట్టుకున్నాడో, బంగారం ముట్టుకున్నాడో, కత్తి ముట్టుకున్నాడో నేను మా మరిదిగారి ఫోనులో చూసి తెలుసుకోవలసి వచ్చింది.

కత్తి అంటే గుర్తుకు వచ్చింది. ఆ నాలుగు గంటల నలభై నిమిషాలూ నాకు తోడుగా ఉన్నది తలుపు బయట కత్తి పట్టుకొని కాపలాగా నిలబడిన, మీరు టైలరు అని పిలిచే ఆయన ఒక్కరే. పెళ్ళయిన కొత్తలో కాదుగాని, లాడ్జిలో చేరిన కొత్తలో మావారు "మా టైలరు చాలా మంచివాడు" అంటే నా జాకెట్లు కుట్టించుకోవచ్చునని ఆశపడ్డాను. లాడ్జి అన్న మాటతోనూ అంతే. "అల్లుడుగారు ఎక్కడమ్మా?" అని అడిగితే "లాడ్జికి వెళ్ళారు" అని చెప్పిన ఆ సాయంత్రం మా అమ్మ అన్నం ముట్టలేదు. సరే, ఆ టైలరుగారు పెద్దమనిషి. నాకు మంచినీళ్ళు ఇచ్చారు, ఫ్యాను నావైపు తిప్పారు, ఎంతసేపు పడుతుందని నేను మూడుసార్లు అడిగితే మూడుసార్లూ "అయిపోవచ్చిందమ్మా" అన్నారు. మీ సంస్థలో అబద్ధం కూడా కంఠస్థం చేయిస్తారని అప్పుడే అర్థమైంది.

మిమ్మల్ని పక్క డిగ్రీలని పిలిచినందుకు కోపగించుకోకండి, ఆ మాట నాది కాదు. ఒకసారి నేను "మీ పై డిగ్రీలు" అంటే మావారు నొచ్చుకొని, మాస్టర్ మేసన్ అనే మూడో డిగ్రీని మించినది ఫ్రీమేసనరీలో లేనేలేదని, తక్కినవన్నీ దానికి అనుబంధాలని, పైవి కావు పక్కవని దిద్దారు. పైన ఏమీ లేకపోతే ఎక్కడం ఎందుకని నేను అడగలేదు. పక్కకు ఎక్కేవారిని ఎవరు మాత్రం ఆపగలరు?

నా అసలు ఫిర్యాదు ఒక్కటే: "ఇదే ఆఖరు" అన్న మాట. మావారు మూడు డిగ్రీలూ పుచ్చుకొన్నప్పుడు ఆ మాట అన్నారు, అది న్యాయమే. కాని మూడో డిగ్రీ చివర అసలైన రహస్యపు మాట పోయిందని, అది దొరికేదాకా తాత్కాలికంగా మరో మాటతో సరిపెట్టుకోమని చెబుతారట. ఇందులో నేను బయటపెడుతున్న రహస్యం ఏమీ లేదు, మావారి బల్ల మీద పడి ఉండే అచ్చు పుస్తకంలోనే ఉంది. కట్టిన డబ్బుకు సరుకు ఇవ్వకుండా చీటీ రాసిచ్చి, సరుకు పక్క కొట్టులో దొరుకుతుందని పంపే వర్తకుణ్ణి మా రంగనాథన్ వీధిలో కూడా నేను చూడలేదు. ఆ పక్క కొట్టు రాయల్ ఆర్చ్. అక్కడ పోయిన మాట దొరుకుతుంది, ఇక ఆఖరు అన్నారు. దొరికింది కాబోలు, ఆ రాత్రి సంతోషంగానే ఇంటికి వచ్చారు. ఆరు నెలలు తిరగకుండానే, దొరికిన ఆ మాటను నేలమాళిగలో మొదట దాచినదెవరు, ఎందుకు దాచారు అన్న కథ చెప్పడానికి రాయల్ అండ్ సెలెక్ట్ మాస్టర్స్ అని మరో మండలి ఉన్నదని ఒక సోదరుడు ఫోను చేశాడు. మా ఇంట్లో రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చే సీరియల్‌ను పదకొండేళ్ళుగా సాగదీస్తున్నవారు మీ దగ్గర శిష్యరికం చేసి ఉండాలి.

ఆ మండలిలో ఇచ్చే డిగ్రీల పేర్లు చదివి నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. ఇంగ్లండులో ఆ వరుస సెలెక్ట్ మాస్టర్, రాయల్ మాస్టర్, మోస్ట్ ఎక్సలెంట్ మాస్టర్, సూపర్ ఎక్సలెంట్ మాస్టర్. అయ్యా, నేను లక్ష కాపీ పుస్తకాలు దిద్ది ఉంటాను. బాగుంది, చాలా బాగుంది, అద్భుతం, అంతటితో ఆగేదాన్ని. అద్భుతం తర్వాత మహాద్భుతం రాస్తే మర్నాటికి పిల్లవాడు చదవడం మానేస్తాడు.

ఇక మీ జాతకం. 1717లో లండనులో మొదటి గ్రాండ్ లాడ్జి, అంటే లాడ్జీల మీది పెద్దసంఘం, పుట్టినప్పుడు మీలో ఒక్కరూ లేరు. మూడో డిగ్రీ సైతం 1720లలో కుదురుకున్నదే. ఆ తర్వాత పారిస్‌లో స్థిరపడిన స్కాట్లండువాడు షెవాలియర్ రామ్సే అనే ఆయన 1737 నాటి ప్రసంగంలో, మేసన్ల పూర్వీకులు రాళ్ళు చెక్కినవారు కారని, క్రైస్తవ ధర్మయుద్ధాలకు వెళ్ళిన వీరులని సెలవిచ్చారు. ఉలి పట్టినవాడి వారసుడినని చెప్పుకోవడానికి నామోషీ పడిన జమీందారులకు ఇంతకన్న చల్లని మాట ఏముంటుంది? అక్కడి నుంచి ఫ్రాన్సులో వర్షాకాలపు పుట్టగొడుగుల్లా మొలిచారు మీరు. నైట్‌లు, ప్రిన్స్‌లు, పాంటిఫ్‌లు. ఒక్క మేస్త్రీ లేడు.

వాటిలో కొన్నింటిని ఏరి కట్టగట్టి 1801లో అమెరికాలోని చార్ల్స్‌టన్‌లో సుప్రీం కౌన్సిల్ పెట్టి ముప్పయి మూడుకు లెక్క తేల్చారు. ఇంగ్లండులో ఆ వరుసలోని నాలుగు నుంచి పదిహేడు వరకు పద్నాలుగు డిగ్రీలను పేర్లు చదివి ఇచ్చేస్తారట, పద్దెనిమిదో డిగ్రీని మాత్రం తంతు నడిపి ఇస్తారట. నేను హాజరుపట్టీ చదివి నాలుగో తరగతి పిల్లవాణ్ణి పదిహేడో తరగతి దాటించి ఉంటే డీఈవోగారు నన్ను ఆ సాయంత్రమే సస్పెండు చేసి ఉండేవారు. అయితే అక్కడ ఆ డిగ్రీకి త్రిత్వాన్ని నమ్మే క్రైస్తవులు కావాలన్న నియమం ఉన్నదని చదివిన రోజు, మూడు పూటలా సంధ్య వార్చే మా ఆయన తరఫున నేను వినాయకుడికి కొబ్బరికాయ కొట్టాను.

ఇవన్నీ భరించవచ్చు. నేను భరించలేనిది 1813లోని ఒక వాక్యం. లండనులో పోట్లాడుకొంటున్న రెండు గ్రాండ్ లాడ్జీలు ఆ ఏడాది రాజీపడి ఒక్కటైనప్పుడు రాసుకొన్న ఒప్పందంలో ఉన్నది అది: శుద్ధమైన ప్రాచీన మేసనరీలో ఉన్నవి మూడే డిగ్రీలు, అంతకుమించి లేవు, అవి ఎంటర్డ్ అప్రెంటిస్, ఫెలో క్రాఫ్ట్, మాస్టర్ మేసన్, హోలీ రాయల్ ఆర్చ్‌తో కలుపుకొని. వరండాలో కూర్చొని ఆ వాక్యాన్ని నేను ఎన్ని విధాల అన్వయించి చూశానో మీ టైలరుగారే సాక్షి. మూడే, అంతకుమించి లేవు, నాలుగోదానితో కలుపుకొని. మా ఊళ్ళో అన్నదమ్ముల భాగపరిష్కారం కాగితాలు ఇలాగే ఉంటాయి: ఒకరు రాయల్ ఆర్చ్ కావాలన్నారు, ఇంకొకరు లెక్కలోకి రాదన్నారు, పెద్దమనుషులు ఇద్దరికీ కోపం రాకుండా వ్యాకరణం గొంతు కోశారు. మీరందరూ దూరి వచ్చింది ఆ వాక్యంలో తెరిచి ఉంచిన దొడ్డిగుమ్మంలోంచే. "ఇదే ఆఖరు, దీనితో కలుపుకొని" అని మావారు మాట్లాడే భాషకు మూలం ఎక్కడుందో రెండు వందల ఏళ్ళు దాటిన తర్వాత నాకు దొరికింది.

మావారికి వివేకానందులవారు అడ్డం. ఆయనా మేసనేనని ఇంటికి వచ్చినవారందరికీ కాఫీతోపాటు అందిస్తారు. నిజమే, 1884లో కలకత్తాలో చేరి, ఫిబ్రవరి నుంచి మే లోపల మూడు డిగ్రీలూ ముగించుకొన్నారు. మూడు నెలల్లో ముగించుకొని తన పని తాను చూసుకొన్నారని నేను కూడా వచ్చినవారందరికీ కాఫీ గ్లాసులు తీసేటప్పుడు చెబుతాను.

మా బీరువా సంగతి క్లుప్తంగా చెబుతాను. నా పట్టుచీరలు ఉండవలసిన రెండో అరలో కలరా ఉండల మధ్య మీ తంతుల్లో నడుముకు కట్టుకొనే ఏప్రన్లు పడుకొని ఉంటాయి: లేత నీలం అంచుది ఒకటి, నీలమూ ఎరుపూ కలిసినది ఒకటి, ఇంద్రధనుస్సు రంగుల అంచుది ఇంకొకటి. గుడ్డు కూడా గడప దాటని ఇంట్లో గొర్రెపిల్ల తోలు బీరువాలో భద్రంగా ఉన్నది. తెల్ల గ్లౌజులు ఉతికి బాల్కనీలో తాడుకు ఆరవేస్తే, గాలికి పది వేళ్ళూ ఊగుతుంటే చూసి, సారు బ్యాండుమేళంలో వాయిస్తారా అని పనిమనిషి అడిగింది. అవునన్నాను. అబద్ధం కాదు కదా.

ఇంత రాసి, మార్క్ డిగ్రీవారిని విడిగా పలకరించకపోతే నాకు కళ్ళు పోతాయి. మావారు బ్యాంకులో చివరి ప్రమోషను తప్పిపోయిన ఏడాది అది. మార్క్ పుచ్చుకొన్న రాత్రి భోజనం దగ్గర నాకు ఆ కథ చెప్పారు: చదరమూ కాని, నిడుపూ కాని వింత ఆకారపు రాయిని ఒక పనివాడు చెక్కి తెస్తే, పర్యవేక్షకులు ఇది దేనికీ పనికిరాదని చెత్తకుప్పలో పారవేస్తారని, చివరికి కమాను నడినెత్తిన బిగించడానికి కావలసి వచ్చి అందరూ వెతికేది ఆ రాయినేనని. చెబుతూ మజ్జిగ అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. తర్వాత పుస్తకం తిరగేస్తే తెలిసింది, 1856లో, ఆ రాజీతో ఏర్పడిన యునైటెడ్ గ్రాండ్ లాడ్జి మొదట ఈ డిగ్రీని ఒప్పుకొని, మూడు నెలలకే కాదు పొమ్మన్నదని, అప్పుడు ఆ డిగ్రీవారు సొంతంగా గ్రాండ్ లాడ్జి పెట్టుకొన్నారని. తోసివేసిన రాయి కథ చెప్పే డిగ్రీనే తోసివేశారన్నమాట. మీ అందరిలో నాకు గౌరవం ఉన్నది దాని మీదే. అయ్యా మార్క్‌గారూ, మావారికి మీరు చాలు. మీ దగ్గర ఆగి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు.

ఆగలేదు. మార్క్ వెంటే దాని తోకలా నోవహు ఓడ కథతో ఆర్క్ మారినర్ వచ్చింది, ఇంద్రధనుస్సు ఏప్రన్ దానిదే. 2015 డిసెంబరులో అడయారు పొంగి కొత్తూర్‌పురంలో మా కింది వాటాలోకి నీళ్ళు వచ్చినప్పుడు, ప్రళయం గురించి ప్రత్యేకంగా డిగ్రీ తీసుకొన్న మా నావికుడుగారు మొట్టమొదట నెత్తిన పెట్టుకొని మేడ మీదికి చేర్చింది ఏప్రన్ల పెట్టెను. బియ్యం బస్తా తడిసింది. నా ముప్పయి ఏళ్ళ పాఠాల నోటుపుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. మూడో రోజున మోకాటి లోతు నీళ్ళలో పాల ప్యాకెట్లు, దుప్పట్లు, కొవ్వొత్తులు మోసుకొని వచ్చినవారు ఆయన లాడ్జి సోదరులే, అది నేను మరచిపోలేదు. వారిలో ఒకాయన మా పక్కింటి ముసలమ్మను వీపున మోసి దించారు. ఆ రోజు ఒక్కరి ఒంటి మీదా ఏప్రన్ లేదు, ఎవరు ఎన్నో డిగ్రీవారో ఎవరూ అడగలేదు.

కాబట్టి సూటిగా అడుగుతున్నాను, మర్యాద ఇక్కడితో ఆపేస్తున్నాను. డెబ్బయి రెండేళ్ళ మనిషి మే నెల ఉక్కలో నల్ల కోటు వేసుకొని, సగం అర్థమయ్యే వాక్యాలను డాబా మీద తిరుగుతూ వల్లెవేసి, బీపీ మాత్ర మరచిపోయి, ఇంకా ఏ మాట కోసం వెతకాలి? దొరికిందన్నారు కదా! దొరికిన తర్వాత కూడా వెతికిస్తున్నది మీరు. ఆయనను పంపండి. నా మనిషి ఆయన, మీ పట్టీలో పేరు కాదు.

శనివారం ఆరూ నలభైకి తలుపు తెరుచుకున్నది. చెమటతో కాలరు తడిసి, ముఖం మాత్రం పెళ్ళికొడుకులా వెలుగుతూ వచ్చి, "ఏమోయ్, రైలు పోయిందా? పోనీలే, ఇదే ఆఖరు" అన్నారు. నేను క్యారియరు తీసుకొని నడిచాను. నెల్లూరు నుంచి తిరిగి వచ్చి, కోటు డ్రైక్లీనింగుకు వేయడానికి జేబులు తీస్తే లోపలి జేబులో నాలుగు మడతల కాగితం ఉన్నది. మరో కొత్త డిగ్రీకి దరఖాస్తు. ప్రతిపాదించేవారి సంతకం అయింది, బలపరిచేవారి సంతకం అయింది, భోజనం దగ్గర శాకాహారమని టిక్కు పెట్టి ఉంది, తేదీ వచ్చే నెల రెండో శనివారం.

ఆ శనివారం నేను మా చెల్లెలింట్లో ఉంటాను, టికెట్టు ఒకటే తీసుకొన్నాను. గ్లౌజులు సబ్బునీళ్ళలో నానబెట్టి బకెట్టు స్నానాలగది మూల పెట్టాను. పిండి ఆరవేసుకోమని మీరే చెప్పండి, మీ మాటయితే వింటారు.

చిత్తగించవలెను.

ఇట్లు,
వరండాలోని చెక్కబల్ల మీది మనిషి