అప్‌డేట్ గారికి బహిరంగ లేఖ: మీరు ఆడుకున్నది చాలు, ఇక మమ్మల్ని ఆడుకోనివ్వండి

మహారాజశ్రీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ గారి సముఖానికి,

మల్కాజిగిరి నుంచి తమ వినియోగదారుడు రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు 38 శాతం క్షేమంగా ఉన్నట్టు టీవీ తెర మీద కనబడుతోంది. మిగిలిన 62 శాతం కూడా సుఖంగా దిగేదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడమెందుకని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఈరోజు ఆదివారమని తమకు తెలియక కాదు, తెలిసే వచ్చారు. సోమవారం నుంచి శనివారం దాకా వీడియో గేములాడే కన్సోల్ టీవీ కింద దుమ్ము కొట్టుకుని పడి ఉంటుంది, అప్పుడు తమరి అలికిడే ఉండదు. ఆదివారం మటన్ కూరతో భోజనాలయ్యి, ఉప్పల్ నుంచి చెల్లెలి పిల్లలు దిగి, ముందు ఎవరు ఆడాలన్న తగువు ఒక కొలిక్కి వచ్చి, గెలిచినవాడు కంట్రోలర్ చేతిలోకి తీసుకున్నాడో లేదో, తమరు ప్రత్యక్షం. ఈ ఆట ఆడాలంటే కొత్త వెర్షన్ కావాలట. పోయిన వారం వాళ్ళు గోల్ మీద గోల్ కొట్టిన ఆటే అది. వారంలో దానికి ఏ రోగం వచ్చిందో తమరికే ఎరుక.

చిన్న అప్‌డేటే కదా, పది నిమిషాల్లో అయిపోతుందిలే అనుకుంటామా, అప్పుడు అసలు సంగతి బయటపెడతారు. దిగేది కొంచెమే గానీ ఆటంతా ఒకసారి కాపీ చేసుకోవాలి, జాగా చాలదు, ఏదో ఒకటి తీసెయ్యండి అంటారు. ఎవరి ఆట తీసెయ్యాలన్న పంచాయితీ మళ్ళీ నా మెడకే చుట్టుకుంటుంది. జాగా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. సోనీ వాళ్ళ కన్సోల్ ప్లేస్టేషన్ 5 మొదట వచ్చినప్పుడు లోపలి స్టోరేజ్ 825 జీబీ అన్నారు, తీరా ఆన్ చేస్తే ఆటలకు మిగిలేది 667 జీబీ. కాల్ ఆఫ్ డ్యూటీ అనే ఆట అన్ని హంగులతో కలిపి తనొక్కటే 200 జీబీ దాటిన రోజులున్నాయి. 100 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ లైను మీద 100 జీబీ దిగాలంటే, ఎక్కడా తడబడకుండా వస్తే, రెండుంబావు గంటలు. తడబడకుండా వస్తే అన్నాను. మా దగ్గర మే నెలలో గాలిదుమారం లేచిందంటే ముందు కరెంటు పోతుంది, తర్వాత స్తంభం మీది కేబుల్ తెగుతుంది, వాన ఆఖర్న వస్తుంది. తమరు 91 శాతం దగ్గర ఉండగా ఈ మూడూ వరసగా జరిగినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. చిన్నది మాత్రం లేచి వెళ్ళి అమ్మమ్మను అష్టాచెమ్మా గవ్వలు అడుగుతుంది. అది మా అందరికన్నా తెలివైంది.

తమరు లేని రోజులు నాకు బాగా గుర్తు. తొంభైల్లో కోఠి గుజరాతీ గల్లీలో టీవీకి తగిలించే వీడియో గేమ్ కొంటే దాంతోపాటు ఒక క్యాసెట్ ఇచ్చేవాళ్ళు. దాని మీద 9999 ఇన్ 1 అని అచ్చేసి ఉండేది. లోపల ఉన్నవి పదో పన్నెండో ఆటలే, పేర్లు మార్చి తిప్పితిప్పి పెట్టేవాళ్ళు. మోసమే, కాదనను. కానీ ఆ మోసం కూడా అమ్మిన రోజుకే పూర్తిగా తయారై ఉండేది. మిగతా 9,987 ఆటలు త్వరలో దిగుతాయి, ఎదురుచూడండి అని ఎవరూ చెప్పలేదు. క్యాసెట్ మొరాయిస్తే బయటికి తీసి ఉఫ్‌మని ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం. ఊదితే నోటి తడికి పిన్నులు తుప్పు పడతాయని అసలు యంత్రం చేసిన జపాన్ కంపెనీ నింటెండో వాళ్ళు మొత్తుకున్నారు గానీ, మాది నింటెండో కాదు, దాని నకలు. నకలుకు ఊపిరే వైద్యం.

1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆట మొత్తం 40 కిలోబైట్లు. పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో మా బాబాయి పెట్టే గులాబీపువ్వు శుభోదయం అంతకన్నా పెద్దది. ఆ 40 కిలోబైట్లలోనే 32 లెవెళ్ళు, పుట్టగొడుగులు, గొట్టాలు, చివర్న నిప్పులు కక్కే రాక్షసుడు, వాడి చెరలో యువరాణి, అంతా సర్దిపెట్టారు. రేపొచ్చి సరిచేస్తాలే అని చెప్పుకోవడానికి అప్పుడు తమరు లేరు మరి. చిప్ మీదికి ఎక్కిందంటే ఎక్కినట్టే. అందుకని ఎక్కించేముందే ఒళ్ళు దగ్గర పెట్టుకునేవాళ్ళు.

అప్పట్లో చెత్త ఆటలు లేవా అంటారేమో. బ్రహ్మాండంగా ఉన్నాయి. 1982లో అటారీ అనే ఆటల కంపెనీ వాళ్ళు ఈ.టీ. సినిమా మీద ఒక ఆటను ఐదు వారాల్లో హడావిడిగా చేయించి క్రిస్మస్‌కు వదిలారు. జనం ఛీకొట్టారు. అమ్ముడుపోని క్యాసెట్లను 1983లో న్యూమెక్సికోలో గొయ్యి తవ్వి పాతిపెట్టారు. 2014లో తవ్వి చూస్తే నిజంగానే బయటపడ్డాయి. చేసిన పనికి సిగ్గుపడి గోతిలో పూడ్చుకున్న కాలం అది.

తమరు వచ్చాక గోతులతో పనిలేకుండా పోయింది. 2020 డిసెంబర్ 10న సైబర్‌పంక్ 2077 అనే ఆట వచ్చింది. పాత కన్సోళ్ళ మీద అది అడుగు తీసి అడుగు వేయలేకపోతే, ఎనిమిది రోజులకే సోనీ తన ఆన్‌లైన్ స్టోర్ నుంచి తీసేసింది. మళ్ళీ పెట్టింది 2021 జూన్‌లో. తర్వాత తమరు విడతలవారీగా వేంచేసి బాగుచేశారు, ఇప్పుడది మంచి ఆటే, ఆ మాట దాచను. కానీ మొదటిరోజే పూర్తి ధర కట్టి కొన్నవాడు ఆటగాడా, జీతం లేని టెస్టరా? ఏళ్ళు ఆగి డిస్కౌంట్‌లో కొన్నవాడికేమో చక్కటి ఆట దొరికింది. ముందు వచ్చినవాడికి మొట్టికాయ, వెనక వచ్చినవాడికి పాయసం. ఇదెక్కడి న్యాయమండీ?

2025లో వచ్చిన నింటెండో వాళ్ళ కన్సోల్ స్విచ్ 2 ఇంకో మెట్టు ఎక్కింది. దానికి కొన్ని ఆటలు గేమ్ కీ కార్డుల మీద వస్తున్నాయి. కార్డు ఉంటుంది, కార్డులో ఆట ఉండదు. పెట్టాక ఇంటర్నెట్ నుంచి దించుకోవాలి. దించుకున్నాక కూడా ఆడినప్పుడల్లా ఆ ఖాళీ కార్డు పెట్టే ఉంచాలి. 40 కిలోబైట్లలో మారియోను ఇమిడ్చింది ఈ కంపెనీయే.

సరే, ఆటలు పిల్లల వ్యవహారం. మా అమ్మ జోలికెందుకు వచ్చారు?

సాయంత్రం ఏడున్నరకు అమ్మకు ఒక సీరియల్ ఉంటుంది. అందులో కోడలికి నిజం తెలిసిపోయే రోజది. నెలల తరబడి తెలియబోతున్న నిజం. సరిగ్గా అప్పుడే స్మార్ట్ టీవీలో తమరు దిగారు. దిగి ఊరుకున్నారా, ఆన్ చేయగానే తెరనిండా ఇంగ్లీషు. చీమల బారులాంటి అక్షరాలు, కింద నీలిరంగులో ఒక బటన్, దాని పక్కన బూడిదరంగులో ఇంకో బటన్. అమ్మ ఆఫీసుకు ఫోన్ చేసింది.

"ఒరేయ్, టీవీ ఏందో ఇంగ్లీష్ల అడుగుతుందిరా."

"నీలం బటన్ నొక్కమ్మా, పోతది."

"నీలందాని మీద ఏం రాసుంది?"

"ఒప్పుకుంటున్నా అని."

"దేనికి?"

దేనికో నాకూ తెలియదు. "అందరూ అట్లనే నొక్కుతరమ్మా" అన్నాను.

"ఏమడుగుతుందో తెల్వకుంట సరే అని ఎట్లంటరా? పక్కన ఇంకోటుంది కదా, అది వద్దన్నట్టా?"

కాదు. ఆ పక్కది 'మరిన్ని వివరాలు'. వద్దు అనే బటన్ ఆ తెర మీద లేదు. భూమి రిజిస్ట్రేషన్ కాగితాలను సబ్ రిజిస్ట్రార్ ముందే పేరా పేరా చదివించుకుని సంతకం పెట్టిన మనిషి మా అమ్మ. రిమోట్ బల్ల మీద పెట్టేసి లోపలికి వెళ్ళి పప్పు కడిగింది. కోడలికి నిజం తెలిసిందో లేదో ఆ పూట మా ఇంట్లో తెలియలేదు. రాత్రి నేను వచ్చి నీలం నొక్కాక తేలిందేమంటే, ఇన్నాళ్ళూ ఛానెళ్ళు ఉన్న మొదటి వరసలో ఇప్పుడు ప్రకటనలున్నాయి. ఛానెళ్ళు రెండు బారల కిందికి పోయాయి. దీన్నే కాబోలు తమరు 'మెరుగైన అనుభవం' అంటున్నారు.

నాన్న ఫోన్ సంగతి క్లుప్తంగా చెప్తాను, తలుచుకుంటే బీపీ పెరుగుతుంది. ఒకరోజు తెల్లారేసరికి ఫోన్ ఎత్తే తీరు మారిపోయింది. ఆయన ఎత్తుదామని పెట్టేశాడు. కరీంనగర్ నుంచి చేసిన మేనత్త, తమ్ముడు నా గొంతు వింటే చాలు కట్ చేస్తున్నాడని అలిగింది. ఆ అలకకు అతుకేసే ప్యాచ్ తమ దగ్గర ఉంటే పంపండి.

తమరు ఎక్కడో అమెరికాలో పుడతారని మా ఇంట్లో ఒక నమ్మకం. నేను సరిదిద్దాను. మైక్రోసాఫ్ట్ 1998లోనే హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టింది. ఆటలు చేసే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కూ ఇక్కడ స్టూడియో ఉంది. తమరికి పుట్టిళ్ళు చాలా ఉండొచ్చు, అందులో మా ఊరొకటి. మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు కుర్రాడు గచ్చిబౌలిలో పనిచేస్తాడు, కంపెనీ వీటిలో ఏదీ కాదు. నేను పాలప్యాకెట్‌కు దిగుతుంటే అతను ఎర్రటి కళ్ళతో ఇంటికి వస్తూ లిఫ్ట్ దగ్గర కలిశాడు.

"ఏం బాబూ, ఇప్పుడొస్తున్నావా?"

"రాత్రి రిలీజ్ ఉండె అంకుల్."

"అంతా బాగైందా మరి?"

"రెండు మూడు బగ్స్ ఉన్నయ్. నెక్స్ట్ రిలీజ్‌ల చూస్తం."

లోపాలున్నాయన్న మాట ఎంత ప్రశాంతంగా చెప్పాడో! మరి నీ ఫోన్‌లో ఆటో అప్‌డేట్ పెట్టుకున్నావా అని అడిగాను. "నాదా? ఆఫ్ అంకుల్" అని నవ్వి లోపలికి వెళ్ళాడు. పాపం అతన్ని అనడానికి లేదు, నిద్రలేని పిల్లాడు. తేదీ ముందే ప్రకటించి, పని తర్వాత చూసుకుందాం అనేవాళ్ళు పై అంతస్తుల్లో ఉంటారు, వాళ్ళు లిఫ్ట్‌లో దొరకరు. తమరి వెంట వచ్చే చీటీలో మాత్రం ఎప్పుడూ ఒకటే పాట: 'బగ్ ఫిక్సులు, పనితీరులో మెరుగుదలలు'. ఏ బగ్గు? ఎన్నాళ్ళుగా మా ఇంట్లో కాపురం ఉంటోంది? వెళ్ళేముందు ఏమైనా పట్టుకుపోయిందా? చెప్పరు.

తమరంటే నాకు పడదని అనుకోవద్దు. 2017 మేలో వనాక్రై అనే వైరస్ దేశదేశాల కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. దాన్ని అడ్డుకునే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడు మార్చిలోనే వదిలింది. వేసుకున్నవాళ్ళు బతికిపోయారు. అందుకే సెక్యూరిటీ ప్యాచ్ అంటే నేను నోరెత్తను, నాన్న ఫోన్‌లో కూడా నేనే వేస్తాను. బ్యాంకు యాప్ ఉన్న ఫోన్‌తో పరాచికాలు పనికిరావు. నా గోడు అంతా ఆ ఒక్క మంచి పనిని అడ్డం పెట్టుకుని తమరు వెంటేసుకొచ్చే బలగం గురించే. ఇల్లు అమ్మేసిన మనిషి ఒక తాళంచెవి తన దగ్గరే ఉంచుకుని, గొళ్ళెం బిగిస్తానని అర్ధరాత్రి వచ్చి, పనిలో పనిగా వంటింటిని పడకగదిలోకి మార్చి, హాల్లో ఒక హోర్డింగు నిలబెట్టి పోయినట్టుంది తమ వరస.

గొళ్ళెం పనైనా ప్రతిసారీ సవ్యంగా చేశారా? 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మొరాయించి నీలి తెర కప్పుకుని కూర్చున్నాయి. ఆరోజు శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఇన్ని వేలమంది ఇంజినీర్లున్న ఊళ్ళో విమానం ఎక్కించింది ఆఖరికి బాల్ పెన్ను.

ఇన్ని మాటలన్నానని అలిగి తమరు రావడం మానేస్తే అదింకో చావు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ముగిసింది. లక్షణంగా పనిచేస్తున్న కంప్యూటర్లు తెల్లారేసరికి ముసలివైపోయాయి. అబిడ్స్ జగదీష్ మార్కెట్‌కు పాత ఫోన్ పట్టుకెళితే కుర్రాడు గీతలు చూడడు, బ్యాటరీ చూడడు. నేరుగా సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆఖరి అప్‌డేట్ తేదీ చూసి, "ఇస్కో అప్‌డేట్ నై ఆతా భాయ్, రేట్ నై మిల్తా" అని, అంటే దీనికి అప్‌డేట్ రాదు, ధర పలకదు అని, ఫోన్ మన చేతిలో పెట్టేస్తాడు. ఆటల్లో అయితే అంతకన్నా ఘోరం. యూబీసాఫ్ట్ అనే కంపెనీ వాళ్ళ ద క్రూ అనే కార్ల ఆట 2014లో వచ్చింది. 2024 మార్చి 31న ఆ ఆటను నడిపించే సర్వర్లు ఆపేశారు. ఒంటరిగా ఆడుకునేవాళ్ళకు కూడా ఆట ఆగిపోయింది. డిస్క్ బీరువాలో భద్రంగా ఉంది, ఆట మాత్రం లేదు. ఆ మంట మీద పుట్టిన స్టాప్ కిల్లింగ్ గేమ్స్ (ఆటలను చంపడం ఆపండి) ఉద్యమానికి యూరప్‌లో పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. మనదాకా వస్తే మొదటి సంతకం నాది, చదివి పెట్టే సంతకం మా అమ్మది.

కనుక విన్నవించేదేమంటే, సెక్యూరిటీకి వచ్చినప్పుడు ఒంటరిగా రండి, అలంకారాలను ఇంటి దగ్గర వదిలి రండి. వచ్చిన పనేమిటో తెలుగులో నాలుగు ముక్కలు రాయండి. ఆటను పూర్తి చేశాకే డిస్క్ మీద అచ్చేయించండి. సర్వర్ ఆపేసే రోజు వస్తే, వెళ్ళేముందు ఇంటర్నెట్ లేకుండా ఆడుకునేలా ఒక చివరి అప్‌డేట్ ఇచ్చి పోండి. దానికి ఎంతసేపైనా కాచుకుంటాం, గాలివానలో కూడా. వీలైతే మంగళవారం తెల్లవారుజామున మూడింటికి వేంచేయండి, ఆ వేళకు ఇంట్లో ఎవరూ గోల్ కొట్టరు.

ఇంకొక్కటి. తమరు అనుమతి అడిగేటప్పుడు 'ఇప్పుడే', 'ఈ రాత్రికి' అని రెండే బటన్లు ఇస్తున్నారు. మా అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మూడోదాని కోసం వెతుకుతోంది. దయచేసి పెట్టించగలరు.

ఇట్లు,
తమ షరతులన్నిటికీ చదవకుండానే ఒప్పుకుంటూ వస్తున్న విధేయుడు,
మల్కాజిగిరి, హైదరాబాద్.