అక్రమంగా వసూలైన పన్ను ఎవరి సొమ్ము?

న్యాయమైన ఆధారం లేకుండా ఒకరి సొమ్ము మరొకరి చేతికి చేరితే, వాళ్ల మధ్య ఒప్పందమేదీ లేకపోయినా తిరిగి ఇచ్చేయాల్సిందే. 1760లో మోజెస్ వర్సెస్ మాక్‌ఫెర్లాన్ కేసులో ఇంగ్లండ్ న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఈ సూత్రానికి గట్టి పునాది వేశారు. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టంలోని 70, 72 సెక్షన్లదీ ఇదే దారి. యూపీఐలో నంబరు తప్పు కొట్టి పంపిన డబ్బును అవతలి వ్యక్తి నుంచి అడిగే హక్కు 72వ సెక్షన్ ఇచ్చిందే.

ప్రభుత్వమూ దీనికి అతీతం కాదు. 1944లో బెంగాల్ పౌరసరఫరాల శాఖకు ఓ కాంట్రాక్టరు తాత్కాలిక గోదాములు కట్టి ఇచ్చారు. ఒప్పందం చట్టప్రకారం జరగలేదు కాబట్టి డబ్బులివ్వబోమని సర్కారు అడ్డం తిరిగింది. ఒప్పందం చెల్లకున్నా కట్టినవి వాడుకున్నారు కనుక చెల్లించాల్సిందేనని బి.కె.మండల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

పన్నుల దగ్గరే ఈ న్యాయం సగంలో ఆగిపోయింది. 1996 నాటి మఫత్‌లాల్ కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం మెజారిటీ తీర్పు రాసింది మన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి. ఫ్యాక్టరీ కట్టిన ఎక్సైజ్ సుంకం చెల్లదని తర్వాత తేలిందనుకుందాం. ఆ భారాన్ని అప్పటికే సరుకు ధరలో కలిపి జనం దగ్గర రాబట్టుకున్న యజమానికి రీఫండ్ ఇస్తే, ఒకే సొమ్ము రెండుసార్లు ముట్టినట్టు. అందుకే కోర్టు కుదరదంది. అక్కడివరకు తీర్పు నూటికి నూరుపాళ్లు సరైనది.

కానీ రాజ్యం ప్రజలకు ప్రతినిధి కనుక అన్యాయంగా చేరిన సొమ్ము తిరిగివ్వాలన్న ఈ సూత్రం దానికి వర్తించదని కూడా అదే తీర్పు అంది. దీన్ని నేను ఒప్పుకోలేను. పన్ను కట్టింది ప్రత్యేకంగా కొందరు, ఖజానా అందరిది. యజమానికి ఇవ్వని ఆ సొమ్మును ప్రభుత్వ వినియోగదారుల సంక్షేమ నిధికి జమ చేసినా, నష్టపోయినవారి చేతికి రూపాయి రాదు. అసలు భారం మోసినవారు రీఫండ్ అడగవచ్చని తీర్పులో ఉన్న మాట నిజమే. అయితే ఆనాడు సబ్బు కొన్న మనిషి ఏ రుజువు చూపించగలడు?

ఇప్పుడు పరిస్థితి వేరు. ఫ్లాటు బుకింగ్ రద్దయి, బిల్డరు క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే పత్రం) ఇచ్చే గడువు దాటిపోతే, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారు కూడా నేరుగా పోర్టల్‌లో రీఫండ్ కోరవచ్చని 2022 డిసెంబరులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. అంటే దారి ఉంది. ఫ్లాటు, వాహనం, బీమా పాలసీ లాంటి వాటి బిల్లుల మీద కొన్నవారి పేరు, కట్టిన పన్ను స్పష్టంగా ఉంటాయి. అలాంటి వాటిపై ఏ పన్నునైనా కోర్టు కొట్టేసినప్పుడు, ఆ పేరున్న వాళ్లకే డబ్బు తిరిగి ఇవ్వాలని అదే తీర్పులో ఆదేశించాలి. పేరు తెలియని చిల్లర కొనుగోళ్ల సొమ్ము మాత్రమే నిధికి పోవాలి.