ఫడ్జ్ ఇంట్లో చేద్దామా, కొనేద్దామా? వదినా మరిదుల వాదోపవాదం

క్రిస్మస్‌కి అపార్ట్‌మెంట్‌లో పన్నెండు ఇళ్ళకి ఏం పంచాలన్నది నారాయణగూడలో మా ఇంట్లో ఏటా ఉండే గొడవే. ఈసారి మా ఆవిడ ఫడ్జ్ చేస్తానంది, అదీ మామూలుగా కాదు, ఎరుపూ ఆకుపచ్చా పొరలతో క్రిస్మస్ చెట్టు ఆకారంలో. మా తమ్ముడు వద్దన్నాడు. ఫడ్జ్ తెలియనివాళ్ళ కోసం: పాలు, పంచదార, వెన్న, కోకో కలిపి కాచి, చల్లారాక గరిటెతో బాగా చిలికి ముక్కలు కోసే అమెరికా తీపి. బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు, అంతకు మించి నన్ను మాట్లాడనిస్తే కదా.

మరిది: వదినా, మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ 1953 నుంచి ఉంది. ఫ్రూట్ బిస్కెట్ డబ్బాలు పన్నెండు తెచ్చేస్తే అరగంటలో పనైపోతుంది. మీరు పొయ్యి దగ్గర నిలబడి చేతులు నొప్పి పుట్టించుకోవడం ఎందుకు చెప్పండి?

వదిన: ఆ డబ్బాలు వాళ్ళింట్లో ఇప్పటికే ఉంటాయి బాబూ. దీపావళికి వచ్చినవి కొన్ని, ఆఫీసులో ఇచ్చినవి కొన్ని. మనం ఇచ్చింది తిరిగి తిరిగి సంక్రాంతికి మనకే వచ్చినా ఆశ్చర్యపోకు.

మరిది: పోనీ ప్లమ్ కేక్?

వదిన: కింద ఫ్లాట్ వాళ్ళు గుడ్డు ముట్టరు. పై ఆంటీకి రమ్ము పేరు చెప్తేనే పడదు. ఫడ్జ్‌లో గుడ్డూ లేదు, రమ్మూ లేదు.

మరిది: అలా అనుకునే బోల్తా పడతారు. ఆన్‌లైన్‌లో చూసే రెసిపీల్లో చాలావాటికి మార్ష్‌మాలో అని దూదిలాంటి మెత్తటి తీపి వేస్తారు. అందులో జంతువుల తోలూ ఎముకలతో చేసే జిలెటిన్ ఉంటుంది. మార్ష్‌మాలో క్రీమ్ అయితే గుడ్డు తెల్లసొనతోనే చేస్తారు. కింది ఫ్లాట్ వాళ్ళకి తెలిసిందంటే జన్మలో మన గుమ్మం తొక్కరు.

వదిన: నేను వేస్తేగా! పాలూ పంచదారా పాతకాలం పద్ధతిలో చేస్తాను.

మరిది: పాతకాలం పద్ధతా, ఇంకా నయం! పోయినేడు ఎవరో ఇచ్చింది గుర్తుందా, పళ్ళ కింద ఇసుక పడ్డట్టు కరకరలాడింది?

వదిన: ఎందుకయిందో తెలుసా? వేడి మీద కలిపేసి ఉంటారు. పాకం ఉండపాకానికి రాగానే దించి, ఇక చెయ్యి పెట్టకూడదు. గిన్నె అడుగు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాలి, 45 డిగ్రీల దగ్గరికి. అప్పుడు చిలికితే పంచదార సన్నటి పలుకులుగా కడుతుంది, నాలుక మీద తెలియను కూడా తెలియదు. వేడిగా ఉన్నప్పుడే తిప్పావంటే పెద్ద పలుకులు కడతాయి, అదే నీ ఇసుక. గిన్నె అంచుకి అంటుకున్న పంచదార రవ్వ ఒక్కటి లోపల పడ్డా చాలు, దాన్ని పట్టుకుని మిగతాదంతా పలుకు కడుతుంది. అందుకే కాస్త లిక్విడ్ గ్లూకోజ్ వేస్తారు.

మరిది: ఆ ఉండపాకం ఎప్పుడొచ్చిందో ఎవరు చెప్తారు? రెసిపీలో 112 నుంచి 116 డిగ్రీలని ఉంటుంది. అది సముద్రమట్టం లెక్క. హైదరాబాద్ 500 మీటర్లకి పైగా ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్ళే దాదాపు 98కి మరుగుతాయి. పాకం లెక్క కూడా ఓ రెండు డిగ్రీలు తగ్గించాలి. ఆ రెండు డిగ్రీలు మర్చిపోయారంటే మీ ఫడ్జ్‌ని సుత్తితో పగలగొట్టుకోవాలి.

(ఇది నాకూ తెలియదు. తమ్ముడి ఇంజినీరింగ్ చదువు మొదటిసారి ఇంట్లో పనికొచ్చింది.)

వదిన: మీ అమ్మగారు ఏ థర్మామీటర్ పెట్టి అరిసెలు చేశారు? పళ్ళెంలో నీళ్ళు పోసి పాకం చుక్క వేసి, వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టాలి, పళ్ళేనికి కొడితే టంగుమనకూడదు. ఆ పరీక్షకి ఏ ఊరైనా ఒకటే, ఎంత ఎత్తున్నా ఒకటే.

(ఈ పాయింటు మా ఆవిడదే. తమ్ముడు కాసేపు ఫోన్ చూసుకున్నాడు.)

మరిది: సరే, వచ్చిందే అనుకుందాం. ఇంత కష్టం మన వంటకైతే వేరు. ఇదెక్కడి తీపో!

వదిన: 1886లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పౌను, అంటే దాదాపు అరకిలో, 40 సెంట్లకి అమ్మేవారని ఒక కాలేజీ అమ్మాయి ఉత్తరంలో రాసింది. రెండేళ్ళకి వాసర్ కాలేజీలో తనే 30 పౌన్లు చేసి పెట్టింది. కాలేజీ పిల్ల చేసింది నేను చెయ్యలేనా?

మరిది: చెయ్యగలరు, ఎవరు కాదన్నారు. కానీ పన్నెండు ఇళ్ళకి చిలకాలంటే భుజం పడిపోతుంది. చేసి తీరాలంటారా, మిల్క్‌మెయిడ్‌తో చెయ్యండి, అదే డబ్బాలో వచ్చే చిక్కటి తీపి పాలతో. నాలుగు వందల గ్రాముల డార్క్ చాక్లెట్‌కి ఒక డబ్బా, కాస్త వెన్న, సన్నటి సెగ మీద కరిగించి ట్రేలో పోసెయ్యడమే. పాకం టెన్షన్ లేదు, పలుకు గొడవ లేదు.

వదిన: అదీ చేసినట్టేనా?

(ఇక్కడ నేను తమ్ముడి పక్షం. పంచేది పన్నెండు ఇళ్ళకి, చిలకడంలో నా వంతు ఎంత పడుతుందో నాకు తెలుసు.)

మరిది: ఇక ఆ ఎరుపూ ఆకుపచ్చా పొరలు మాత్రం వద్దే వద్దు. నీళ్ళలో కలిపి అమ్మే ఫుడ్ కలర్ చుక్క పడితే కరిగిన చాక్లెట్ బిగుసుకుపోయి ముద్దయిపోతుంది.

వదిన: ఉత్త చాక్లెట్‌లో వేస్తే అంతే. మిల్క్‌మెయిడ్ కలిపాక ఏం కాదు, అందులో నీళ్ళు ఎలాగూ ఉన్నాయి.

మరిది: సరే, ముద్ద కాదనుకోండి. ఎరుపు ఎలా తెస్తారు? డార్క్ చాక్లెట్‌లో రంగు కనపడదు, వైట్ చాక్లెట్ వాడాలి. అదీ తెల్లగా ఉండదు, పసుపు ఛాయ. నాలుగు చుక్కలు వేస్తే గులాబీ రంగు దగ్గర ఆగిపోతుంది. నిఖార్సైన ఎరుపు కావాలని సీసా వంచారంటే చేదెక్కుతుంది, తిన్నవాళ్ళ నాలుకలు రెండు రోజులు ఎర్రగా తిరుగుతాయి. పైగా వైట్ చాక్లెట్ అయితే గట్టిపడటానికి అదే డబ్బాకి ఇంకో రెండు వందల గ్రాములు ఎక్కువ పడుతుంది.

వదిన: పండగ కళ ఉండొద్దూ? నల్లటి ముక్కలు ఇస్తే పండగ అని ఎవరనుకుంటారు?

మరిది: పైన పిస్తా పలుకులు చల్లండి, ఆకుపచ్చ వచ్చేసింది. ఎర్రటి టూటీఫ్రూటీ అద్దండి, ఎరుపు వచ్చేసింది. మీరు కాదన్న ఫ్రూట్ బిస్కెట్‌లో ఉండేదీ అదే, బొప్పాయి ముక్కలు. రంగు సీసా ముట్టనక్కర్లేదు.

వదిన: ఊఁ... అది బానే ఉంది. చెట్టు ఆకారం మాత్రం ఉండాల్సిందే.

మరిది: సిలికాన్ అచ్చుల్లో పోస్తే తీసేటప్పుడు కొమ్మలు అచ్చులోనే ఉండిపోతాయి. ఇరవై సెంటీమీటర్ల ట్రేలో పోసి, ఐదేసి సెంటీమీటర్ల పట్టీలు కోసి, పట్టీని అటూ ఇటూ ఏటవాలుగా కొయ్యండి. ట్రేకి 28 త్రికోణాలు వస్తాయి. అడుగున దాల్చినచెక్క పుల్ల గుచ్చితే అదే చెట్టు.

వదిన: ఇరవై ఎనిమిదా? ఇంటికి రెండేనా? ఏమనుకుంటారు! రెండు ట్రేలు చేస్తా, నాలుగేసి ఇద్దాం, ఎనిమిది మనకి. డబ్బాలూ గోల్డ్ రిబ్బనూ నువ్వు బేగంబజార్ వెళ్ళి పట్రా.

మరిది: తేదీ కూడా రాయాలి. 2020 అక్టోబర్ నుంచి స్వీట్ షాపుల్లో విడిగా అమ్మే మిఠాయికే ఎప్పటిలోగా తినాలో పెట్టాలన్నారు. మనం అమ్మట్లేదు కాబట్టి ఆ రూలు మనకి లేదు కానీ, ఇది వారంలో తినేయాల్సిన వస్తువు, న్యూ ఇయర్ దాకా దాచుకునేవాళ్ళు ఉంటారు.

వదిన: నువ్వే రాయి, నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి.

మరిది: రాస్తా. కానీ పట్టీకి రెండు చివర్లా అర త్రికోణాలు మిగులుతాయి, రెండు ట్రేలకి పదహారు. అవి నావి, అన్నయ్యకి ఇవ్వడానికి వీల్లేదు.

(దీనికి నేను ఒప్పుకోలేదు.)