శ్రీయుత వినతిపత్రం గారికి, మాంచెస్టర్ నుంచి

మహారాజశ్రీ వినతిపత్రం గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మీరు క్షేమమేనని తెలుసు. మీకెప్పుడూ ఏమీ కాదు. అయ్యేదంతా మిమ్మల్ని మోసుకెళ్లినవాళ్లకే. సాయంత్రం బస్సు ఎత్తేయవద్దని మా వీధివాళ్లం సంతకాలు చేసి పంపిన తమరి తాజా అవతారానికి జవాబు వచ్చింది. అందులో బస్సు ప్రస్తావన లేదు. సంతకాల్లో కొన్ని సందేహాస్పదంగా ఉన్నాయని మాత్రం ఉంది. మా తెలుగువాళ్లలో ఒకాయన ఇంటిపేరు ముందు రాశాడు, ఆయన భార్య వెనక రాసింది, ఇంకొకరు ఇంటిపేరుకు పొడి అక్షరం పెట్టి ఊరుకున్నారు. ఇలాంటి పేర్లు మనుషులకు ఉండవని అక్కడి గుమస్తాగారు తేల్చేశారు. మధ్యాహ్నమంతా ఆ కార్యాలయంలో కూర్చుని, నేను నేనేనని పాస్‌పోర్టు చూపించి వచ్చాను. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే వచ్చి చూపించాలట.

తమరి వంశచరిత్ర కొంత తెలుసు కనక ఆశ్చర్యపోలేదు.

ఈ దేశంలో తమరికి జరిగే మర్యాద ఈనాటిది కాదు. 1661లో తమరి కోసమే ఒక చట్టం చేశారు. రాజ్యంలో గాని చర్చిలో గాని ఏదైనా మార్చమని అడిగే అర్జీకి ఇరవై సంతకాలు మించాలంటే పెద్దమనుషుల అనుమతి ఉండాలి, ఇవ్వడానికి పదిమందికి మించి వెళ్లకూడదు. 1817 మార్చిలో మా ఊరి నేతగాళ్లు దాన్ని అక్షరాలా పాటించారు, పాపం. పదేసి మంది ఒక గుంపు, గుంపుకో అర్జీ, అర్జీకి ఇరవై పేర్లు, రాత్రిళ్లు కప్పుకోవడానికి వీపున దుప్పటి. రాజు బదులు రాజ్యమేలుతున్న యువరాజు, ప్రిన్స్ రీజెంట్‌కు ఇద్దామని లండన్‌కు కాలినడకన బయలుదేరారు. చట్టప్రకారమే నడుస్తున్నారు కదా అని అశ్వికదళం ఊరుకుందా? చాలామంది పక్క ఊరు స్టాక్‌పోర్టు కూడా దాటలేదు. ఒకే ఒక్కడు లండన్ చేరాడని చెబుతారు.

రెండేళ్ల తర్వాత, 1819 ఆగస్టు 16న, వాళ్లు బయలుదేరిన ఆ సెయింట్ పీటర్స్ మైదానంలోనే దాదాపు అరవై వేలమంది ఓటు హక్కు కోసం సభ పెట్టుకుంటే అశ్వికదళంవాళ్లు వచ్చి కత్తులు దూశారు. పదిహేను మందికి పైగా చనిపోయారు. ప్రిన్స్ రీజెంట్‌కు ఉత్తరాల విషయంలో బద్ధకం అనుకోకండి. సైన్యాన్ని పిలిపించిన న్యాయాధికారులకు ఆయన కృతజ్ఞతలు చకచకా అందాయి.

1842లో తమరి వైభవం చూడాలి. ఓటు హక్కు కోరుతూ చార్టిస్టులనే కార్మిక ఉద్యమకారులు ముప్పై మూడు లక్షల పైచిలుకు సంతకాలు పోగుచేశారు. ఆరు మైళ్ల పొడవు కాగితం. పార్లమెంటు ద్వారంలో పట్టక, ముక్కలు చేసి లోపలికి మోశారు. మర్నాడు సభలో తేల్చుకున్నది ఓటు ఇవ్వాలా వద్దా అని కూడా కాదు, అర్జీదారుల మాట వినాలా వద్దా అని. వినాలన్నవారు 49, అక్కర్లేదన్నవారు 287. అందరికీ ఓటు ఇస్తే నాగరికతే మిగలదని ఆ రోజు ఘాటుగా మాట్లాడిన పెద్దమనిషి ఎవరనుకున్నారు? మెకాలే. మనకు ఇంగ్లీషు చదువు వడ్డించి నాగరికత నేర్పబోయిన మెకాలేనే. సొంత దేశపు నేతగాడికి నాగరికత లేదని తెలిశాక గాని మన మీద ఆయనకున్న అభిప్రాయం నాకు సరిగ్గా అర్థం కాలేదు.

ఇక 1848. ఇది మాత్రం నేను మరిచిపోలేను.

ఏప్రిల్ 10న చార్టిస్టులు మళ్లీ అర్జీ పట్టుకుని లండన్‌లోని కెన్నింగ్టన్ మైదానంలో చేరారు. రాణిగారిని ముందే వైట్ దీవికి పంపించేశారు. లండన్ రక్షణ భారం సేనాని డ్యూక్ ఆఫ్ వెలింగ్టన్ మీద పెట్టారు. ఊరేగింపు థేమ్స్ దాటకూడదన్నారు కాబట్టి నిన్ను బాడుగ బండ్లలో ఎక్కించి పంపారు. యాభై ఏడు లక్షల సంతకాలని నాయకుడు ఓకానర్ ప్రకటించాడు. అప్పుడు పార్లమెంటుకు ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది. పదమూడు మంది గుమస్తాలు పదిహేడు గంటలు కూర్చుని లెక్కపెట్టారు. 19,75,496 అని తేల్చారు. విక్టోరియా రాణి పేరుంది, సాక్షాత్తూ వెలింగ్టన్ పేరుంది, చప్పిడిముక్కు వంటి పేర్లున్నాయి అని చదివి వినిపిస్తే సభంతా నవ్వింది. చాలా కాగితాల మీద దస్తూరీ ఒక్కటేనన్నారు. లక్షకు 8,200 చొప్పున ఆడవాళ్ల సంతకాలున్నాయని, అదొక నేరమన్నట్టు, విడిగా చెప్పారు.

దస్తూరీ ఒక్కటి కాక ఏమవుతుంది? రాయడం రానివాడి పేరు పక్కవాడే కదా రాస్తాడు! సొంత పేరు రాస్తే మర్నాడు మిల్లులో పని ఊడుతుందని భయపడ్డవాడు చప్పిడిముక్కు అని రాయక ఏం చేస్తాడు? ఆకతాయిలు కూడా ఉంటే ఉండనీ. దొంగ పేర్లు కొన్ని కలిసినా, వాళ్ల లెక్కకే పంతొమ్మిది లక్షలు దాటాయే, మిగతావాళ్ల సంగతేమిటి? లెక్క తప్పిందన్నారు కాని, అడిగింది తప్పని ఒక్కడైనా నిరూపించాడా? మూడు రోజుల్లో లెక్క చెప్పగలిగినవాళ్లకు మూడు తరాలైనా చదవడానికి తీరిక దొరకలేదు. నువ్వేమో సిగ్గులేకుండా పడివున్నావు. నిన్ను మోసినవాళ్లలో విలియం కఫే అనే నల్లజాతి దర్జీ ఉన్నాడు. ఆ ఏడాదే అతనికి కుట్రదారుడని శిక్ష వేసి, తర్వాత టాస్మానియాకు పంపేశారు. అతను అక్కడే పోయాడు. నీకు ఒక్క రోజు శిక్ష పడిందా?

మీ పెద్దన్న రాజపత్రం మాత్రం తక్కువవాడా? 1381 జూన్‌లో రెండో రిచర్డు రాజు లండన్ దగ్గర మైల్ ఎండ్‌లో రైతులకు దాస్యవిముక్తి పత్రాలు రాయించి ఇచ్చాడు, జూలై రాగానే రద్దుచేశాడు. ఇప్పుడు నువ్వు కంప్యూటర్ తెర మీదికి ఎక్కావు. 2019లో బ్రెగ్జిట్ వద్దని అరవై లక్షలకు పైగా పేర్లు పడ్డాయి, దానిమీద చర్చ ఏప్రిల్ 1న పెట్టారు. ఆ తేదీ చూసి ఎవరికీ నవ్వు రాలేదంటే నేను నమ్మను.

చార్టిస్టులు అడిగిన ఆరు కోరికల్లో అయిదు ఆ తర్వాత వచ్చాయి: రహస్య ఓటు 1872లో, సభ్యులకు జీతం 1911లో, అలా. ఏటా పార్లమెంటు ఎన్నికలనేది ఒక్కటే రాలేదు. అది రాకపోవడమే నయం, నాయకుల ముఖాలు అంత తరచుగా చూడలేం. ఆ అయిదూ నీ ఘనతేనని ఎక్కడైనా చెప్పుకుంటున్నావేమో, చెప్పుకోకు. 1990 నాటి తలపన్నును, మనిషికింత అని వేసిన పన్నును, ఎత్తేయించింది నువ్వు కాదు. లక్షలమంది కట్టం పొమ్మన్నారు, కోర్టు నోటీసులు కుప్పలు పడ్డాయి, ప్రధాని థాచర్ కుర్చీ దిగింది, 1993కు పన్నూ పోయింది. నీకు కుళ్లు పుట్టాలనే చెబుతున్నాను.

అయినా కొత్త కాగితాలు తెప్పించాం. మా వీధిలో వేరే దారి ఎవరికీ తోచలేదు. ఈసారి పొడి అక్షరాలు లేవు. ఇంటిపేరు, తాతపేరు, వంశంలో ఎన్ని పేర్లుంటే అన్నీ పూర్తిగా రాయమని అందరికీ చెప్పాను. చదవరని తెలుసు. లెక్కపెట్టేవాడికైనా పదిహేడు గంటలు పట్టాలి.